పాముకాటుకు మంత్రం పనిచేస్తుందా? అపోహలు - వాస్తవాలు

మనుషుల్ని ఎక్కువగా చంపే జంతువేదని అడిగితే పులి, ఏనుగు, మొసలి అంటారు. సినిమాల పుణ్యమా అని సొరచేప అనేవాళ్లూ ఉన్నారు. ప్రపంచం మొత్తమ్మీద సొరచేపల వల్ల ఏడాదికి పోయే ప్రాణాలు సగటున పది కూడా ఉండవు. మొదటి స్థానం దోమది. ఒక్క మలేరియాతోనే 2023లో దాదాపు 6 లక్షల మంది పోయారు, అందులో ఎక్కువమంది ఆఫ్రికాలోని ఐదేళ్లలోపు పిల్లలు. ఆ మలేరియా దోమ గుట్టు రోనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాద్‌లోనే పట్టుకున్నాడు. దోమల సంగతి చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. వానలు మొదలయ్యాయంటే కృష్ణా డెల్టాలో మా కాజువాలిటీకి రాత్రీ పగలూ వచ్చేవి పాముకాట్లు. కాబట్టి నా గోలంతా వాటి గురించే.

2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని అంచనా. ఏడాదికి సగటున 58 వేలు. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మనమూ ఉన్నాం. సగం మరణాలు జూన్, సెప్టెంబరు మధ్యలోనే. పాము మన వెంటపడి ఏమీ కరవదు. ధాన్యం కోసం ఎలుక వస్తుంది, ఎలుక కోసం పాము వస్తుంది. నాట్లు వేసే చేతులు, చెప్పుల్లేని కాళ్లు, నేల మీద పరిచిన చాపలు ఉండేది కూడా అక్కడే.

అపోహ: మంత్రం వేయిస్తే విషం దిగిపోతుంది.

ప్రాణాలు తీసేది అన్నిటికంటే ఇదే. "మా ఊళ్లో తాత ఎంతమందిని బతికించాడో తెలుసా మేడం?" అంటారు. సరే, బతికారు. కరిచింది ఏ పాము? ఎక్కువ కాట్లు జెర్రిపోతు, నీరుకట్టు లాంటి విషం లేని పాములవే. నాగుపాము కూడా ఒక్కోసారి విషం ఎక్కించకుండా ఉత్తి కాటు వేసి పోతుంది. వీళ్లందరూ ఆ తాత మంత్రం చదివినా బతుకుతారు, చదవకుండా కిళ్లీ నములుతూ కూర్చున్నా బతుకుతారు. చనిపోయినవాళ్లనేమో "ఆలస్యంగా తెచ్చారు", "ఆయుష్షు తీరింది" అంటారు. ఆయన లెక్కలో గెలుపులు తప్ప ఓటములు ఎక్కవు. ఇక వేపాకు పరీక్ష ఒకటి. నమిలి చేదు తెలిస్తే విషం ఎక్కనట్టట! నాలుక మీద రుచికీ ఒంట్లో విషానికీ సంబంధం లేదు. పైగా కట్లపాము కాటైతే మింగే శక్తే తగ్గిపోతుంది, ఆ ఆకు ముద్ద గొంతుకు అడ్డం పడితే అదో ప్రమాదం.

పోయినేడు నాట్ల రోజుల్లో తెల్లవారుజామున ఒకావిడను తీసుకొచ్చారు. రాత్రి నేల మీద పడుకుంది. మధ్యలో కడుపునొప్పితో లేచి వాంతి చేసుకుంటే ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాస్ ఇంజక్షన్ చేశాడు. పామేమైనా కరిచిందా అని అడిగాను. "లేదండి మేడం, ఎక్కడా గాటు కూడా లేదు. రాత్రి కూర పడలేదనుకుంటానండి" అన్నాడు భర్త. "అమ్మా, పైన ఫ్యాను చూడు" అన్నాను. రెప్పలు సగం కూడా లేవక, తల మొత్తం వెనక్కి వాల్చి చూసింది. ఒక్క గుక్కలో అంకెలు చెప్పమంటే పది దాటగానే ఆగిపోయింది. కట్లపాము. దాని విషం కండరాల్ని పడగొడుతుంది, అందుకే రెప్పలు లేవవు, ఊపిరి చాలదు. కోరలు చిన్నవి, నొప్పి ఉండదు, గాటు చాలాసార్లు కనపడనే కనపడదు. ఊపిరికి ట్యూబ్ వేసి, పాము విషానికి విరుగుడు మందు ఎక్కిస్తూ వెంటిలేటర్ ఉన్న పెద్దాసుపత్రికి పంపే ఏర్పాట్లలో ఉంటే, వాళ్ల బాబాయి మంత్రం వేసే ఆయన్ని పిలిపిస్తానన్నాడు. తిట్టలేదు. ఆయన టెన్షన్ ఆయనది. "ఫోన్‌లో వేయించండి బాబాయ్, అంబులెన్స్ మాత్రం ఆగదు" అన్నాను. ఆవిడ బతికింది. మీ నమ్మకాలతో నాకు తగువు లేదు, దారిలో ఆగడంతోనే తగువంతా.

అపోహ: తాడు గట్టిగా బిగిస్తే విషం పైకి ఎక్కదు.

రక్తపింజరి కాటుకి ఇంతకంటే చేటు లేదు. విషం కాలి కండను అక్కడికక్కడే తినేస్తుంది, పైగా రక్తం ఆడక కాలు నల్లబడుతుంది. కోయడం, నోటితో పీల్చడం, నల్లరాయి పెట్టడం, పసరు పూయడం అన్నీ దండగే. పట్టీలు, మెట్టెలు, ఉంగరాలు వాపు రాకముందే తీసేయండి. కాలికి ఒక కర్రముక్క ఆసరాగా పెట్టి గుడ్డ వదులుగా చుట్టి, మనిషిని నడిపించకుండా 108 పిలవండి. అప్పటికే ఎవరో బిగించేసి ఉంటే దారిలో విప్పకండి. ఆగిన విషం ఒక్కసారిగా పైకి పోవచ్చు. మేం సెలైన్ పెట్టి, మందు సిద్ధంగా ఉంచుకుని విప్పుతాం.

పాముని పట్టుకు రావడం కూడా మానండి బాబూ. పెయింట్ బకెట్‌లో బతికున్న పాముని తెచ్చి నా టేబుల్ మీద పెట్టిన మహానుభావులున్నారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ ఒకటే మందు. ఏది కరిచిందో లక్షణాలే చెబుతాయి. గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి వంచుతాం. గడ్డకట్టకుండా జారిపోతే పింజరి విషం ఎక్కినట్టే. రియాక్షన్ వస్తుందని ఇంజక్షన్ వద్దనేవాళ్లకు ఒక మాట: రావచ్చు, దానికి విరుగుడు పక్కనే పెట్టుకుంటాం. పసిపిల్లకు పెద్దవాళ్లంత డోసా అని తల్లులు బెదిరిపోతారు. అంతే ఇవ్వాలమ్మా, పిల్ల చిన్నదని పాము విషం తగ్గించి కరవదుగా.

పాము పగబట్టడం, పాలు తాగడం గురించి నన్ను అడగకండి.

కుక్క సంగతి మాత్రం చెప్పాలి. రేబిస్‌తో ప్రపంచంలో ఏటా 59 వేల మంది పోతున్నారని అంచనా, దాదాపు అన్నీ కుక్కల వల్లే. గాయానికి కారం, సున్నం పెట్టకండి. కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి రండి. బొడ్డు చుట్టూ 14 ఇంజక్షన్ల రోజులు ఎప్పుడో పోయాయి. చేతికే వేస్తాం: మొదటి రోజు, తర్వాత 3, 7, 28వ రోజుల్లో. గాయం మానింది కదా అని ఆఖరిది ఎగ్గొట్టకండి.