బీచ్‌లో రాక్ ఫెస్టివల్: సౌండ్ గురించి అపోహలు, వాస్తవాలు

ఏటా బీచ్‌లో జరిగే రాక్ ఫెస్టివల్స్‌కి సౌండ్ ఇంజనీర్‌గా పని చేస్తుంటాను. వినడానికి వచ్చేవాళ్లు, కొత్తగా నిర్వహణలోకి దిగినవాళ్లు ప్రతిసారీ దాదాపు అవే మాటలు అంటారు, అందుకే జవాబులు ఒకచోట రాస్తున్నా.

అపోహ: వెనక వినబడట్లేదంటే వాల్యూమ్ చాలట్లేదని అర్థం.

చాలాసార్లు తప్పు గాలిది. ఎండకి ఇసుక కాలిపోతుంటే దాన్ని ఆనుకున్న గాలి పైగాలి కంటే వేడిగా ఉంటుంది, వేడిగాలిలో సౌండ్ వేగంగా పోతుంది కాబట్టి అది పైకి వంగి వెనక నిలబడ్డవాళ్ల తలల మీదుగా వెళ్లిపోతుంది. పగలు సముద్రం మీంచి ఒడ్డుకి గాలి వీస్తుంది కదా, స్పీకర్లు సముద్రం వైపు తిప్పి పెట్టారంటే ఆ ఎదురుగాలి కూడా సౌండ్‌ని పైకే వంచుతుంది. అప్పుడు యాంప్లిఫయర్ పవర్ రెట్టింపు చేసినా పెరిగేది 3 డెసిబెల్సే, వెనకవాళ్లకి తేడా పెద్దగా తెలియదు, ముందున్నవాళ్ల చెవులు మాత్రం పాడవుతాయి. అందుకే జనం మధ్యలో డిలే టవర్లు, అంటే వెనకవాళ్ల కోసం అదనపు స్పీకర్లున్న టవర్లు, పెడతాం. సౌండ్ సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది, అంటే 100 మీటర్ల దూరం చేరడానికి దాదాపు 0.3 సెకన్లు. టవర్‌కి వెళ్లే సిగ్నల్‌ని అంతసేపు ఆపకపోతే ఒక్క డ్రమ్ దెబ్బ రెండుసార్లు వినిపిస్తుంది. చల్లబడితే సౌండ్ వేగం కూడా తగ్గుతుంది, కాబట్టి మధ్యాహ్నం చేసిన సౌండ్‌చెక్ రాత్రికి సరిపోతుందని దయచేసి అనుకోకండి.

అపోహ: సముద్రపు తేమకి సౌండ్ మందగిస్తుంది.

మామూలుగా జరిగేది దీనికి రివర్స్. డ్రమ్స్‌తో వాయించే లోహపు పళ్లాలు (సింబల్స్) లాంటి వాటి హై పిచ్ శబ్దాలని ఎక్కువగా మింగేది పొడిగాలే. మేం భయపడేది ఉప్పుకి. కనెక్టర్ల మీద సన్నగా పొరకట్టి తుప్పు పట్టిస్తుంది, షో మధ్యలో గరగర మొదలవుతుంది.

అపోహ: వాల్యూమ్ మార్చలేదు కాబట్టి రాత్రి వచ్చే ఫిర్యాదులు ఉత్తివే.

కావు. పొద్దు గూకాక ఇసుక త్వరగా చల్లబడుతుంది, నేల దగ్గర చల్లగాలి, దానిపైన వెచ్చగాలి. ఇప్పుడు సౌండ్ కిందికి వంగి చాలా దూరం పోతుంది, అందులోనూ బేస్, అంటే లోతైన దరువు శబ్దం. దూరంగా ఇళ్లలో ఉన్నవాళ్లు నిద్ర పట్టట్లేదంటే నేను నమ్ముతాను, వెంటనే ఆ బేస్ ఇచ్చే స్పీకర్లని (సబ్‌వూఫర్లు) తగ్గిస్తాను. మన ఆనందానికి వాళ్లెందుకు బాధపడాలి?

అపోహ: స్టేజ్ పక్కల బ్యానర్లు కడితే ఏమవుతుంది?

గాలి వేగం రెట్టింపైతే తోపుడు నాలుగింతలవుతుంది. బ్యానర్ తెరచాపలా గాలిని పడుతుంది, మేకులేమో ఇసుకలో నిలవవు, అందుకే నీళ్ల ట్యాంకులు, కాంక్రీట్ దిమ్మలు బరువుగా పెడతాం. ఆ బరువు లెక్క వేసేటప్పుడు లేని బ్యానర్‌ని తర్వాత ఎవరు అడిగినా కట్టనివ్వను. ఎర్తింగ్ విషయం కూడా ఇంతే ముఖ్యం: పొడి ఇసుకలో కరెంట్ సరిగా దిగదు, రాడ్ తడి పొర దాకా దింపి, మీటర్‌తో కొలిచాకే పవర్ ఇవ్వాలి.

అపోహ: ఆరుబయట కాబట్టి చెవులకి ఏమీ కాదు.

85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు హద్దు అనుకుంటే, ప్రతి 3 డెసిబెల్స్‌కి ఆ సమయం సగమవుతుంది, 100 దగ్గర అది 15 నిమిషాలే. ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుంటే మజా పోతుందంటారు. సంగీతకారుల కోసం చేసినవి అన్ని స్వరాలనీ దాదాపు సమానంగా తగ్గిస్తాయి, పాట పాటలాగే ఉంటుంది. పిల్లల్ని తెస్తే వాళ్లకి చెవులు కప్పే మఫ్స్ పెట్టండి, స్పీకర్ల ముందు మాత్రం నిలబెట్టకండి.