చిన్న ట్రాక్టర్ నడుము మీద బ్యాక్‌హో

"నా దగ్గర 25 హార్స్ పవర్ ట్రాక్టర్ ఉంది. ఎంత లోతు తవ్వే బ్యాక్‌హో తగిలించుకోవచ్చు?" అని ఒక పాఠకుడు అడిగారు. బ్యాక్‌హో అంటే ట్రాక్టర్ వెనక తగిలించే, కొసన బకెట్‌తో గొయ్యి తవ్వే యంత్రపు చేయి. ఆయన హార్స్ పవర్ చెప్పారు, లోతు అడిగారు. ట్రాక్టర్ బరువు చెప్పలేదు, బ్యాక్‌హోను ట్రాక్టర్‌లో దేనికి బిగించాలో అడగలేదు. నన్నడిగితే అసలు సంగతంతా ఆ రెండింటిలోనే ఉంది.

ముందుగా హార్స్ పవర్ మీదున్న మూఢభక్తి సంగతి చూద్దాం. బ్యాక్‌హో చేయిని కదిపేది ఇంజిన్‌తో తిరిగే పంపు తోసే నూనె, దాన్నే హైడ్రాలిక్స్ అంటారు. నిమిషానికి 25 లీటర్ల నూనెను 170 బార్ పీడనంతో తోసే పంపు ఉందనుకోండి. రెండంకెలనూ గుణించి 600తో భాగిస్తే సుమారు 7 కిలోవాట్లు, అంటే తొమ్మిదిన్నర హార్స్ పవర్. ఇంజిన్ సత్తాలో సగం కూడా బ్యాక్‌హోకు అక్కర్లేదు. బలం పీడనం నుంచి, వేగం ప్రవాహం నుంచి వస్తాయి. 63 మిల్లీమీటర్ల వ్యాసమున్న పిస్టన్‌ను ఆ పీడనం 53 కిలోన్యూటన్లతో, అంటే అయిదు టన్నులు దాటిన బలంతో నెడుతుంది. పంపు చిన్నదైతే పని నెమ్మదిస్తుందే కానీ బలం తగ్గదు.

ఆ అయిదు టన్నులూ బకెట్ పళ్ల దాకా రావు. ఆ పిస్టన్ ఉండే సిలిండర్, చేయి తిరిగే కీలుకు 20 సెంటీమీటర్ల దూరంలో నెడితే, పళ్లు 80 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, నాలుగో వంతే చేరుతుంది. అయినా 1.3 టన్నులు తక్కువేమీ కాదు. బకెట్ మట్టిని ఇటు లాగినంత బలంగానూ మట్టి బకెట్‌ను అటు లాగుతుంది.

న్యూటన్ మూడో నియమం అనగానే బడిలో రాకెట్టు బొమ్మ గీసి సరిపెడతారు. ప్రతిచర్య ఎవరి మీద పడింది, అక్కడి నుంచి ఏ దారిన నేలకు చేరింది అని అడిగే మాస్టారు అరుదు. యంత్రాలు తయారు చేసేవారికి అన్నం పెట్టేది ఆ ప్రశ్నే.

నేలలో దిగబడిన మొండి వేరును రెండు చేతులతో పట్టి లాగే మనిషిని తలచుకోండి. అతనికి మూడు ఇబ్బందులు: చేతుల్లో సత్తువ చాలకపోవచ్చు, కాళ్లు జారవచ్చు, నడుము పట్టేయవచ్చు. హైడ్రాలిక్స్ పుణ్యమా అని బ్యాక్‌హోకు చేతుల బెంగ లేదు. మిగతా రెండే మిగిలాయి.

కాళ్ల సంగతి చూద్దాం. ట్రాక్టర్ 900 కిలోలు, బ్యాక్‌హో 400 కిలోలు అనుకుందాం. నేలతో ఘర్షణ గుణకం 0.6 అయితే, అంటే మొత్తం బరువులో 0.6 వంతే పట్టు దొరికితే, అది 780 కిలోల దగ్గర ఆగిపోతుంది. పళ్ల దగ్గర 1.3 టన్నులు సిద్ధంగా ఉన్నా, అంతకు చాలా ముందే ట్రాక్టర్ గొయ్యివైపు జారుతుంది. అందుకే చిన్న ట్రాక్టర్‌కు 60 సెంటీమీటర్ల బకెట్ కంటే 30 సెంటీమీటర్లది మేలు. ఉన్న కొద్ది బలం ఇరుకు అంచు మీద పడి గట్టి నేలలోకి దిగుతుంది. పక్క కాళ్లకు, అదే స్టెబిలైజర్లకు, నేలను కరిచే అంచులుంటే ఇంకా మంచిది.

ఇక నడుము. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. చిన్న ట్రాక్టర్లలో చాలావాటికి విడిగా ఛాసిస్, అంటే చట్రం, ఉండదు. ఇంజిన్, క్లచ్ హౌసింగ్, గేర్‌బాక్సు ఒకదానికొకటి బోల్టులతో బిగించి ఉంటాయి, అదే వాటి వెన్నెముక. పనిముట్లను తగిలించడానికి వెనక రెండు కింది లింకులు, పైన ఒక టాప్ లింక్ ఉంటాయి. ఈ త్రీ పాయింట్ లింకేజీని ఇంజనీర్ హ్యారీ ఫెర్గూసన్ నాగలి కోసం రూపొందించాడు. 1939లో వచ్చిన ఫోర్డ్ 9ఎన్ ట్రాక్టర్‌తో అది విస్తరించింది. నాగలి నేలలోకి జానెడు లోతు దిగుతుంది. బ్యాక్‌హో బకెట్ మీటరున్నర దిగుతుంది. కింది లింకులు నేలకు అర మీటరు ఎత్తున ఉంటే, బకెట్‌కూ వాటికీ మధ్య 2 మీటర్ల మీట. దాన్ని తట్టుకోవలసిన టాప్ లింక్ మాత్రం కింది లింకులకు అర మీటరు పైనే ఉంది. నాలుగింతల తేడా. 780 కిలోల లాగుడు టాప్ లింక్ దగ్గర మూడు టన్నుల నొక్కుడవుతుంది. బ్యాక్‌హో సొంత బరువు కొంత ఉపశమనం ఇచ్చినా రెండు టన్నులు దాటుతుంది. అదంతా పడేది గేర్‌బాక్సు వెనకభాగం మీద. పైన అలా నెడితే ఆ పోత ఇనుప వెన్నెముక వంగాలని చూస్తుంది, వంగే దేనికైనా ఒక వైపు సాగుతుంది. పోత ఇనుము నొక్కుడుకు ఆగినట్టు సాగదీతకు ఆగదు.

అంతకంటే ప్రమాదకరమైన చిక్కు మరొకటి ఉంది. ఆ లింకేజీ సాధారణంగా పైకి ఎత్తగలదు, కిందికి అదిమి పట్టలేదు. బకెట్‌ను నేలకు గట్టిగా అదిమినా, లోతులోంచి లాగినా బ్యాక్‌హో చట్రం పైకి లేచి ట్రాక్టర్ సీటువైపు ముడుచుకోవాలని చూస్తుంది. స్టెబిలైజర్లు నేలను తన్నగలవే కానీ పట్టి ఆపలేవు. నడిపే మనిషి ట్రాక్టర్‌కు వీపు పెట్టి సరిగ్గా ఆ సందులోనే కూర్చుంటాడు.

సబ్‌ఫ్రేమ్ ఉన్న బ్యాక్‌హో అందుకే వేరు. ట్రాక్టర్ పొట్ట కింద రెండు ఉక్కు దూలాలు వెనక ఇరుసు నుంచి ముందు లోడర్, అంటే మట్టి ఎత్తిపోసే తొట్టి, బిగించే చట్రం దాకా వెళతాయి. ఆధారాల మధ్య అర మీటరు బదులు మీటరున్నర దొరికితే మూడు టన్నులు ఒక టన్నుకు దిగుతాయి. వంపు దూలాల్లోనే ఉండిపోతుంది, గేర్‌బాక్సు బోల్టుల దాకా రాదు. మీ మోడల్‌కు సబ్‌ఫ్రేమ్ దొరకకపోతే ఆ బ్యాక్‌హో వద్దనే చెబుతాను, లోతు ఎంత ఊరించినా.

గొయ్యి తవ్వనప్పుడు కూడా లెక్క ఒకటి మిగిలే ఉంటుంది. ముడిచిన బ్యాక్‌హో 400 కిలోల బరువు వెనక ఇరుసుకు 1.2 మీటర్ల అవతల వేలాడుతుంది. రెండు ఇరుసుల మధ్య దూరం 1.6 మీటర్లయితే ముందు చక్రాల మీద 300 కిలోలు తేలికవుతాయి. ఆ చక్రాల మీద మొదట ఉన్న బరువే 360 కిలోలనుకుంటే, మలుపు తిప్పే చక్రాలకు 60 కిలోలే మిగులుతాయి. ముందు లోడరో, అదనపు బరువులో లేకుండా ఆ ట్రాక్టర్‌ను రోడ్డెక్కించకూడదు.