ఒక్కరోజు నడకకు సిద్ధం కావడం: అపోహలు - వాస్తవాలు

జాతీయ ఉద్యానవనాల్లో నడక బృందాలను వెంటబెట్టుకొని వెళ్ళేవారికి, బయలుదేరే ముందు అందరి సంచులనూ పరిశీలించేటప్పుడు తరచుగా వినిపించే నమ్మకాలు ఇవి.

అపోహ: సాయంత్రానికి తిరిగి వచ్చేస్తాం కనుక టార్చిలైటు, చలిదుస్తులు అనవసరం.

అన్నిటిలోకీ ప్రమాదకరమైనదని నేను భావించే అపోహ ఇదే. చీలమండ బెణికి ఒక్కరు ఆగిపోయినా, సహాయం అందేలోగా చీకటి పడవచ్చు. అంతసేపూ చెమటకు తడిసిన దుస్తులతో కదలకుండా కూర్చోవలసి వస్తుంది. వెయ్యి మీటర్లు పైకి వెళ్ళేసరికి ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది, గాలి వీస్తే చలి మరింత తెలుస్తుంది. తడిసిన నూలు బట్ట త్వరగా ఆరక ఒంటి వేడిని హరిస్తుంది కనుక ఉన్ని లేదా పాలియెస్టర్ దుస్తులు వేసుకోవాలి. వానకోటు, తలకు పెట్టుకునే టార్చి, అదనపు ఆహారం ఎంత చిన్న నడకకైనా సంచిలో ఉండాలి.

అపోహ: పది కిలోమీటర్లంటే రెండు గంటల దారి.

చదును నేల మీద అది నిజం కావచ్చు. స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ప్రకారం గంటకు సుమారు 5 కిలోమీటర్లు నడవగలిగినా, ఎక్కే ప్రతి 600 మీటర్లకూ మరో గంట కలుపుకోవాలి. విశ్రాంతి సమయం ఇందులో లేదు; పిల్లలూ కొత్తవారూ ఉంటే ఇంకా ఎక్కువే పడుతుంది. అందుకే ఎన్ని గంటలకు వెనుదిరగాలో ముందే నిర్ణయించుకొని, శిఖరం ఎదురుగా కనిపిస్తున్నా ఆ వేళకు తిరగాలి.

అపోహ: తేటగా పారే సెలయేటి నీరు శుభ్రమైనది.

జియార్డియా వంటి పరాన్నజీవులు కంటికి కనిపించవు. నీటిని ఒక నిమిషం, 2,000 మీటర్లకు పైన మూడు నిమిషాలు తెర్లనివ్వాలి. మరోవైపు, ఉప్పు అందకుండా గంటల తరబడి మితిమీరి నీరు తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. దాహాన్ని బట్టి తాగుతూ, మధ్యమధ్య ఉప్పు ఉన్న చిరుతిండి తినడం మేలు.

అపోహ: ఫోనుంటే చాలు.

సిగ్నల్ లేకున్నా జీపీఎస్ పనిచేస్తుంది గానీ, మ్యాపును ముందే దించుకోకపోతే మనమున్న చుక్క తప్ప దారి కనిపించదు. చలికి బ్యాటరీ కూడా త్వరగా తరిగిపోతుంది. కాగితపు పటం వెంట ఉంచుకోవాలి. ఏ బాటన వెళుతున్నారో, ఎప్పటికి తిరిగి వస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్ళాలి, తిరిగి రాగానే వారికి కబురు చేయాలి.