లినెన్ బట్ట: మా కౌంటర్ దగ్గర వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

హనుమకొండలో చొక్కా గుడ్డలు అమ్ముతూ, కావలసిన వారికి కుట్టించి ఇస్తూ ఇరవై రెండేళ్లు గడిచాయి. మా బాపు ఆజంజాహి మిల్లు స్పిన్నింగ్ విభాగంలో పనిచేసిన మనిషి కావడం వల్ల దారం, కౌంటు, పురి అనే మాటలు నాకు చిన్ననాటి నుంచే ఇంటి మాటలు. అయినా లినెన్ చేతికి వచ్చిన కొత్తలో నేను కూడా దానిని పత్తి లెక్కలతోనే కొలిచి తప్పులు చేశాను. పత్తి జిల్లాలో పుట్టి పెరిగిన వాళ్లం కనుక బట్ట అనగానే దూదే గుర్తుకు వస్తుంది. లినెన్ గురించి ఇక్కడ వినిపించే అపోహలలో చాలావరకు అక్కడి నుంచే పుడుతున్నాయి. పేరును "లెనిన్" అని పలికేవారు సగం మంది ఉంటారు, దానికి నాకు అభ్యంతరమేమీ లేదు.

అపోహ: లినెన్ అంటే కాస్త గరుకుగా నేసిన ఒక రకం కాటన్.

వాస్తవం: లినెన్ దూది నుంచి రాదు, అది నారబట్ట. మనం పొడి కొట్టుకుని తినే అవిసె గింజలు ఏ మొక్కకు కాస్తాయో, ఆ మొక్క కాండం చుట్టూ ఉండే నారే లినెన్ దారమవుతుంది. పెరట్లో ఎత్తుగా పెరిగే అవిసె చెట్టుకూ దీనికీ సంబంధం లేదు. పేరు ఒకటే కావడం వల్ల ఆ చెట్టు బెరడు నుంచి ఈ బట్ట వస్తుందని నమ్మేవారిని నేను చూశాను.

మన ఊళ్లలో గోగు కట్టెలను కట్టలు కట్టి చెరువులో ఊరవేసి, పది పదిహేను రోజుల తరువాత ముక్కు మూసుకుని నార ఒలిచిన పెద్దలకు అవిసె కాండం నుంచి నార తీసే పని చెప్పనక్కరలేదు, సూత్రం అదే. నారను కట్టెకు అంటిపెట్టి ఉంచే జిగురు పదార్థం, అంటే పెక్టిన్, సూక్ష్మజీవుల వల్ల కరిగితేనే నార విడివడుతుంది. నార కోసం పెంచే అవిసెను ఫ్రాన్స్ ఉత్తర తీరంలోనూ, బెల్జియం, నెదర్లాండ్స్‌లలోనూ మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒత్తుగా విత్తుతారు. సుమారు వంద రోజుల్లో అది నడుము ఎత్తు దాటి, మీటరు వరకు కొమ్మలు లేకుండా నిటారుగా పెరుగుతుంది. కోస్తే మొదలు దగ్గరి నార పోతుంది కనుక దానిని కొయ్యరు, వేళ్లతో సహా పీకి, చేనులోనే వరుసలుగా పరిచి వదిలేస్తారు. రాత్రి మంచూ పగటి ఎండా కొన్ని వారాలు తగిలాక, మధ్యలో ఒకసారి తిరగేసి, ఊరడం పూర్తయిందనుకున్నప్పుడు ఎత్తుతారు. ఒకప్పుడు బెల్జియంలో లేయె నదిలో కట్టలు ముంచి ఊరవేసేవారు. నీరు పాడవుతుండడం వల్ల ఆ పద్ధతి ఆగిపోయింది.

ఊరిన కాండాన్ని యంత్రాలతో నలగ్గొట్టి పుల్ల ముక్కలను రాలుస్తారు. మిగిలిన నారను ఇనుప ముళ్ల దువ్వెనలతో దువ్వితే పొడవైనది ఒకవైపు, పొట్టి పీచు మరోవైపు వేరవుతాయి. పత్తి పోగు సుమారు మూడు సెంటీమీటర్లు ఉంటే, దువ్విన అవిసె నార అరవై నుంచి తొంభై సెంటీమీటర్ల వరకు ఉంటుంది. సన్నని దారం కావాలంటే ఆ నారను వేడినీటిలో నుంచి లాగుతూ తడిగానే వడకాలి. పొట్టి పీచును పొడిగానే వడికి ముతక దారం చేస్తారు.

అపోహ: ధర ఎక్కువగా ఉండేది పేరు కోసమే.

వాస్తవం: పేరుకు కొంత పోతుంది, కాదనను. కానీ పైన చెప్పిన పనిలో ఏ దశ చూసినా ఖర్చు తగ్గే దారి కనిపించదు. ఏనుమాముల యార్డుకు వచ్చిన పత్తిని జిన్నింగు మిల్లులో వేస్తే గింజ ఒకవైపు, దూది ఒకవైపు పడుతుంది. అవిసెలో నార కాండం లోపల దాగి ఉంటుంది, దానిని బయటికి తీసేది వాతావరణం. వానలు ఎక్కువైతే చేనులోనే కుళ్లుతుంది, మంచు చాలకపోతే నార విడివడదు. ఒకసారి వేసిన చేనులో మళ్లీ ఆరేడేళ్ల వరకు ఈ పంట వేయకపోవడం అక్కడి ఆనవాయితీ. మన దేశంలో లినెన్ మిల్లులు ఉన్నా, వాటికి నార ఎక్కువగా ఆ యూరప్ దేశాల నుంచే వస్తుంది.

పత్తి బదులు ఇదే వేసుకోవచ్చు కదా అని పరకాల వైపు రైతులు ఒకరిద్దరు నన్ను అడిగారు. గింజ కోసం మన దేశంలో వేసే అవిసె పొట్టిగా, కొమ్మలు వేసుకుంటూ పెరుగుతుంది, దాని కాండంలో నేతకు పనికివచ్చే పొడవైన నార ఉండదు. మొక్క జాతి ఒకటే, రకం వేరు, పెంపకం వేరు. నార రకానికి చల్లని, తేమ గల వాతావరణం కావాలి, అది మన ఎండలకు ఒప్పే పంట కాదు.

అపోహ: అరవై లీ లినెన్ అంటే అరవై కౌంటు కాటన్ అంత సన్నం.

వాస్తవం: ఈ ఒక్క చోట వ్యాపారులు కూడా పొరపడతారు. కాటన్ కౌంటు అంటే ఒక పౌను బరువులో 840 గజాల చిలపలు, అంటే దారపు చుట్టలు, ఎన్ని వస్తాయన్న లెక్క. ఎన్ని ఎక్కువ వస్తే దారం అంత సన్నం. లినెన్‌లో ఒక లీ అంటే 300 గజాలే. అంటే అరవై లీ దారం పౌనుకు 18,000 గజాలు. దానిని 840తో భాగిస్తే ఇరవై ఒకటి కౌంటు కాటన్‌తో సమానమవుతుంది. నలభై లీ అయితే పద్నాలుగు కౌంటు, వంద లీ అయినా ముప్పై ఆరు దాటదు. మా బాపు ఈ లెక్కను సిగరెట్ పెట్టె వెనుక వేసి చూపించిన రోజు వరకు నేను అరవై లీని అరవై కౌంటు ధోవతితో పోల్చి అమ్ముతూనే ఉన్నాను.

అపోహ: కాల్చి చూస్తే అసలుదో కాదో తెలిసిపోతుంది.

వాస్తవం: పాలిస్టర్ కలిసిందో లేదో మాత్రమే తెలుస్తుంది, ఎందుకంటే అది కరిగి గట్టి ఉండ కడుతుంది. కాటన్, లినెన్ రెండూ సెల్యులోజే కనుక రెండూ కాగితం కాలిన వాసనతో, బూడిదగానే రాలుతాయి. నేను చేసే పని ఏమిటంటే, గుడ్డ అంచు నుంచి ఒక పోగు లాగి, పురి విప్పి, మెల్లగా తెంపుతాను. కాటన్ అయితే తెగిన కొస దూదిలా పొంగుతుంది, లినెన్ అయితే కొసలు నిటారుగా, సూదుల్లా నిలబడతాయి. పడుగు (నిలువు పోగులు) నుంచి ఒకటి, పేక (అడ్డ పోగులు) నుంచి ఒకటి విడివిడిగా చూడాలి. ఒకవైపు లినెన్, మరోవైపు కాటన్ వేసి నేసిన గుడ్డలు చాలా ఉన్నాయి. దారంలో అక్కడక్కడ కనిపించే ఉబ్బులను చూసి నమ్మవద్దు. ఆ ఉబ్బులు కాటన్‌లోనూ కావాలని పుట్టిస్తారు, మేలైన లినెన్‌లో అవి తక్కువగానే ఉంటాయి. "లినెన్ ఫినిష్", "లినెన్ ఫీల్" అని అంచు మీద అచ్చువేసినదాంట్లో లినెన్ ఉండాలన్న నియమమేమీ లేదు. ఏసీ బోగీల్లో ఇచ్చే పక్కబట్టలను లినెన్ అని పిలవడమూ పాత అలవాటే. అన్నట్టు మా దర్జీలు రోజూ వాడే "లైనింగ్" అనే మాట పుట్టింది కూడా ఈ బట్ట పేరు నుంచే.

అపోహ: ముడతలు పడితే నాసిరకం.

వాస్తవం: "గిట్ల ముడతలు పడుతందేందన్నా, అసలుదేనా ఇది?" అని అడగని పెళ్లిళ్ల సీజను లేదు. నారకు సాగే గుణం చాలా తక్కువ, వంగిన చోట తిరిగి లేవదు. అందుకే అసలు లినెన్ ముడత పడుతుంది. ముడతే పడని గుడ్డలో పాలిస్టర్ కలిసి ఉండాలి, లేదా దానికి రసాయన పూత వేసి ఉండాలి. ఈ బిరుసే మరోవైపు మేలు చేస్తుంది. గుడ్డ ఒంటికి అతుక్కోకుండా కాస్త ఎడంగా నిలబడడం వల్ల మధ్యలో గాలి ఆడుతుంది. మామూలు తేమ గల గాలిలో లినెన్ తన బరువులో 12 శాతం వరకు తేమను పట్టుకుంటుంది, కాటన్ 8.5 శాతం, పాలిస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. మే నెలలో మన దగ్గర 44 డిగ్రీల ఎండలో ఈ తేడా ఒంటికి తెలుస్తుంది. అయితే బరువుగా, ఇరుకుగా నేసిన సూటు గుడ్డ కూడా లినెన్ అయినంత మాత్రాన చల్లగా ఉంటుందని చెప్పి నేను అమ్మను.

అపోహ: నీళ్లు తగలకూడదు, డ్రై క్లీనింగే చేయించాలి.

వాస్తవం: తడిసినప్పుడు లినెన్ బలం తగ్గదు, పొడిగా ఉన్నప్పటికంటే పెరుగుతుంది. ఉతికే కొద్దీ మెత్తబడుతుంది. క్లోరిన్ బ్లీచ్ మాత్రం దూరంగా ఉంచాలి. అసలు జాగ్రత్త కుట్టడానికి ముందే తీసుకోవాలి. కొత్తలో ఒక పెళ్లికొడుకు చొక్కా గుడ్డను నానబెట్టకుండానే కత్తిరించాను. పెళ్లినాడు బాగానే ఉంది, మొదటి ఉతుకుకు చేతులు మణికట్టు పైకి వెళ్లాయి. అతని మేనమామ ఆ చొక్కాను తెచ్చి కౌంటర్ మీద పరిచి, చేతి అంచు దగ్గర రెండు వేళ్లు పెట్టి, ఏమీ మాట్లాడకుండా నా ముఖం చూశారు. గుడ్డ డబ్బులు, కుట్టుకూలి రెండూ తిరిగి ఇచ్చాను. అప్పటి నుంచి మా దగ్గర గుడ్డను రాత్రంతా నీళ్లలో ఉంచి, నీడన ఆరేసిన తరువాతే కత్తెర పడుతుంది.

ఇస్త్రీ కొంచెం తడి ఉండగానే చేయాలి, పూర్తిగా ఎండితే ఎంత వేడి పెట్టినా ముడత తీరదు. తెల్లచొక్కాలకు గట్టిగా గంజి పెట్టించి, కత్తి అంచులాంటి గీతలు తీయించడం మన వైపు నాయకులకు అలవాటు, కానీ సాగని నారను అదే గీత మీద వారం వారం విరిస్తే అక్కడే పోగులు తెగుతాయి. బాగు చేయమని మా దగ్గరికి వచ్చే లినెన్ చొక్కాలలో ఎక్కువ వాటికి చిరుగు కాలరు మడత మీదే ఉంటుంది, మిగతా గుడ్డ కొత్తదానిలా ఉంటుంది. అలాంటి కాలరును విప్పి, తిరగేసి కుట్టి ఇస్తాం.