స్పెయిన్‌లో కప్పుకోలేదని, అబుదాబీలో కప్పుకుందని

మొన్న 2025 అక్టోబరులో, దసరాకీ దీపావళికీ మధ్య, గుంటూరు అరండల్‌పేటలో మేం జాకెట్లు కుట్టించుకునే షాపులో కూర్చున్నాం. పండగ రద్దీ. నలుగురైదుగురు ఆడవాళ్ళం మా వంతు కోసం చూస్తున్నాం. ఒకావిడ ఫోన్‌లో వీడియో పెట్టి పక్కావిడకి చూపించింది. దీపికా పదుకొణె, ఆమె భర్త రణ్‌వీర్ సింగ్ కలిసి అబుదాబీ పర్యాటకం కోసం చేసిన ప్రకటన అది. అక్కడి షేక్ జాయెద్ మసీదులో దీపిక తల మీద నుంచి పాదాల దాకా కప్పుకుని ఉంది.

"ఈ ముసుగేంటండీ ఈవిడకి? మన గుళ్ళో ఎప్పుడైనా ఇంత పద్ధతిగా కనపడిందా?" అంది ఆవిడ.

"మొన్నామధ్య గుడ్డపేలికలు కట్టుకుని గెంతింది కూడా ఈవిడే కదండీ" అంది పక్కావిడ.

ఇంతలో టైలర్ మాస్టారు పిలిచారు. ఫోన్ చేతిలో ఉన్నావిడ లేచి వెళ్ళి రెండు జాకెట్ గుడ్డలు బల్ల మీద పెట్టింది. "దీనికి మోచేతుల దాకా చేతులు పెట్టండి మాస్టారూ, అత్తగారి ఊరు వెళ్ళాలి. రెండోదానికి చేతులొద్దు, అది హైదరాబాద్‌లో ఫంక్షన్‌కి" అని చెప్పింది. ఆయన అలాగేనమ్మా అని రాసుకున్నారు. అక్కడ ఎవరికీ అది వింతగా అనిపించలేదు. నాకూ అనిపించలేదు. ఇంటికొచ్చాక ఆలోచిస్తే అర్థమైంది, ఆవిడ చేసిందీ దీపిక చేసిందీ ఒకటేనని. ఏ చోటికి తగ్గ బట్ట ఆ చోటికి. ఆ మసీదులోకి వెళ్ళే ఆడవాళ్ళు ఎవరైనా సరే, ఏ మతం వాళ్ళయినా సరే, జుట్టు కప్పుకోవాలి, ఒంటిని నిండుగా కప్పే వదులు బట్టలు వేసుకోవాలి. అది ఆ చోటు నియమం.

పక్కావిడ గుర్తుచేసుకున్నది 'పఠాన్' సినిమాలోని 'బేషరమ్ రంగ్' పాట, 2022 డిసెంబరులో వచ్చింది. స్పెయిన్‌లో తీశారు. అందులో దీపిక వేసుకున్న కాషాయ రంగు బికినీ మీద పెద్ద గొడవే జరిగింది. అప్పటి మధ్యప్రదేశ్ హోంమంత్రి నరోత్తమ్ మిశ్రా అభ్యంతరం చెప్పారు, సినిమా ఆపాలన్న డిమాండ్లు వచ్చాయి. మూడేళ్ళు తిరక్కుండానే అదే మనిషి నిండా కప్పుకున్నందుకు తిట్లు తిన్నది. రెండుసార్లూ దేశం కాని దేశమే. అందుకే ఇది బట్ట కొలతకు సంబంధించిన గొడవ కాదని నేను నమ్ముతున్నాను. మరి దేనికి సంబంధించింది? దానికి కొంచెం వెనక్కి వెళ్ళాలి.

విదేశంలో మనవాళ్ళు ఏం కట్టుకున్నారన్నది మన పరువు సంగతి ఎప్పుడయింది? జాతీయోద్యమం రోజుల్లో. 1921 మార్చి నెలాఖరులో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు జరిగాయి. పింగళి వెంకయ్య జెండా నమూనాను గాంధీగారికి చూపించింది అప్పుడే. ఆ ఏడాది సెప్టెంబరులో గాంధీ మధురైలో కొల్లాయి కట్టారు. పదేళ్ళ తర్వాత, 1931లో, అదే కొల్లాయితో లండన్ వెళ్ళి రాజుగారి తేనీటి విందుకు హాజరయ్యారు. అంతకు కొన్ని నెలల ముందే చర్చిల్ ఆయన్ని అర్ధనగ్న ఫకీరు అని వెక్కిరించాడు. మనం ఆ వెక్కిరింతను తిరగేసి గర్వంగా చెప్పుకున్నాం, ఇప్పటికీ పిల్లలకు అలాగే చెబుతున్నాం. బట్ట దేశానికి గుర్తయింది.

ఆ తర్వాత జరిగింది మాత్రం సమానంగా జరగలేదు. మన జిల్లాల్లో మగవాళ్ళు కాలేజీకీ కచేరీకీ వెళ్ళే కొద్దీ పంచె విడిచి ప్యాంటూ కోటూ తొడుక్కున్నారు. సంస్కృతి పోయిందని వాళ్ళను ఎవరూ పెద్దగా నిలదీయలేదు. ఆ సంస్కృతిని మోసే పని చీర మీద పడింది. అంటే చీర కట్టుకునే మనిషి మీద. ఈ రోజు విజయవాడలో ఏ పెళ్ళికైనా వెళ్ళి చూడండి, పెళ్ళికొడుకు స్నేహితులంతా సూట్లలో ఉంటారు. పెళ్ళికూతురి స్నేహితురాలు ఒక్కతి జీన్స్‌లో వస్తే సాయంత్రానికి బంధువులందరికీ తెలిసిపోతుంది.

కళాకారుల సంగతి దీనికంటే పాతది. ఆడవాళ్ళు స్టేజీ ఎక్కితే పరువు పోతుందన్న రోజుల్లో ఆడవేషాలు మగవాళ్ళే కట్టారు. బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు తెనాలి రామవిలాస సభ నాటకాల్లో సత్యభామగా, చింతామణిగా నిలబడితే జనం చూపు తిప్పుకోలేకపోయారు. 1956లో పద్మశ్రీ ఇచ్చారు ఆయనకి. ఎంత ఇచ్చినా తక్కువే, గొప్ప నటుడు. నేను చెప్పదలిచింది ఒక్కటే. ఒక మగవాడు చీర కట్టి శృంగారం ఒలికిస్తే అది కళ. అదే కాలంలో అదే పని చేసిన ఆడమనిషి ఏ కులానిదో, ఏ ఇంటిదో ముందు తేలాలి. సినిమా వచ్చాక కూడా ఆ భయం పోలేదు. భానుమతి సినిమాల్లోకి వచ్చిన కొత్తలో హీరోలు ఆమెను తాకకూడదని వాళ్ళ నాన్నగారు షరతు పెట్టారని సినిమా వాళ్ళంతా చెబుతారు.

ఇక జంటల సంగతి. మన సావిత్రిది గుంటూరు జిల్లా చిర్రావూరు. పెరిగింది, నాట్యం నేర్చుకుంది విజయవాడలో. 1952లో జెమినీ గణేశన్‌ను రహస్యంగా పెళ్ళి చేసుకుంది. ఒక సబ్బు ప్రకటన కింద సావిత్రి గణేశ్ అని సంతకం చేయడంతో ఆ సంగతి బయటపడిందని చెప్పుకుంటారు. ఒక్క సంతకం. అప్పట్లో జనానికి అందిన సమాచారం అంతే. ఆయనకి అప్పటికే పెళ్ళయింది, పిల్లలున్నారు. అయినా మా అమ్మమ్మ తరం వాళ్ళు ఈ కథ చెప్పేటప్పుడు మొదట వచ్చే మాట "ఆవిడ అలా చేసుకోకుండా ఉండాల్సింది" అన్నదే. ఆయన గురించిన మాట రాదు, వచ్చినా ఆఖర్న వస్తుంది.

అప్పట్లో తారల బతుకు మనకు చేరాలంటే చాలా దూరం ప్రయాణం చేయాలి. ఫొటోలు మద్రాసు నుంచి సినిమా పత్రికల్లో వచ్చేవి. విజయవాడ గాంధీనగర్‌లో డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసుల గోడల మీద పోస్టర్లు. అంతకుమించి ఏమీ లేదు. వాళ్ళు విదేశాలకు వెళితే ఏం కట్టుకున్నారో, ఎవరి చెయ్యి పట్టుకున్నారో చూసే దారి లేదు. పాట కోసం వేసుకున్న బట్ట తెర మీద కనపడేది, సినిమా అయిపోగానే తెర మీదే ఉండిపోయేది.

ఆ దూరం ఎంత మారిందో చెప్పడానికి ఒక కేసు గుర్తొస్తుంది. టెన్నిస్ ఆటగాడు బోరిస్ బెకర్, అతనికి కాబోయే భార్య బార్బరా ఫెల్టస్ నగ్నంగా ఉన్న ఫొటో ఒకటి జర్మనీ పత్రిక స్టెర్న్‌లో వచ్చింది. తీసింది ఎవరో కాదు, ఆమె తండ్రి. ఆమె నల్లజాతి అమ్మాయి. ప్రేమ ముందు జాత్యహంకారం నిలవదని చెప్పడానికే దాన్ని బయటపెట్టామని బెకర్ అన్నాడు. 1993లో కలకత్తా పత్రికలు దాన్ని మళ్ళీ వేస్తే, ఒక లాయరు కోర్టుకెళ్ళారు. ఆ కేసు సుప్రీంకోర్టులో తేలింది 2014 ఫిబ్రవరి 3న. అప్పటిదాకా మన కోర్టులు అశ్లీలాన్ని 1868 నాటి ఇంగ్లండు కొలతతో చూసేవి. ఎక్కడో ఒక ముక్క బలహీన మనసులను చెడగొట్టేలా ఉంటే చాలు, మొత్తం అశ్లీలమే. సుప్రీంకోర్టు ఆ కొలతను పక్కనపెట్టింది. ఇప్పటి సమాజపు ప్రమాణాలతో, మొత్తం సందర్భాన్ని, అందులోని సందేశాన్ని కలిపి చూడాలంది. కేసు కొట్టేసింది. అప్పుడు విదేశీ జంట ఫొటో ఒకటి ఇక్కడికి రావడానికి ఒక పత్రిక కావాల్సి వచ్చింది, తేలడానికి ఇరవయ్యేళ్ళు పట్టింది.

2019 జులైకి వద్దాం. ప్రియాంకా చోప్రా పుట్టినరోజుకి భర్త నిక్ జోనస్‌తో, తల్లితో కలిసి మయామీలో పడవ మీద ఉంది. ముగ్గురూ పొగ తాగుతున్న ఫొటో బయటికొచ్చింది. మయామీకీ మనకీ ఆ నెలల్లో తొమ్మిదిన్నర గంటల తేడా. వాళ్ళు నిద్ర లేచేలోపు విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర టీ తాగేవాళ్ళకి కూడా ఆ ఫొటో మీద ఒక అభిప్రాయం వచ్చేసింది. ఆమెకు ఆస్తమా ఉందని, దీపావళికి టపాసులు కాల్చొద్దని గతంలో చెప్పింది కాబట్టి ఆ విమర్శలో కొంత న్యాయం ఉంది, ఆ మేరకు నేనూ ఒప్పుకుంటాను. కానీ పక్కనే అదే పని చేస్తున్న భర్తను పట్టించుకున్నవాళ్ళు ఎంతమంది? దానికి రెండేళ్ళ ముందు, 2017లో, బెర్లిన్‌లో ప్రధాని మోదీని కలిసినప్పుడు మోకాళ్ళు కనపడే గౌను వేసుకుందని ఆమెనే దులిపేశారు.

విరాట్ కోహ్లీ, అనుష్క శర్మల కథ ఇంకా స్పష్టంగా ఉంటుంది. 2015 మార్చి 26న సిడ్నీలో ప్రపంచకప్ సెమీఫైనల్. కోహ్లీ ఒక్క పరుగుకే అవుటయ్యాడు. గ్యాలరీలో కూర్చున్న అనుష్కను తిట్టారు. బ్యాట్ పట్టుకున్నది ఆమె కాదు! ఏడాది తర్వాత కోహ్లీయే బయటికొచ్చి ఆమెను అలా అనేవాళ్ళు సిగ్గుపడాలన్నాడు. 2017 డిసెంబరులో ఇటలీలో పెళ్ళి చేసుకుంటే మధ్యప్రదేశ్ ఎమ్మెల్యే ఒకరు కోహ్లీ దేశభక్తిని ప్రశ్నించారు. మొగుణ్ణి నేరుగా అన్నది ఆ ఒక్కసారే అనుకుంటా, అదీ బట్టల గురించి కాదు. 2018 ఆగస్టులో లండన్‌లో మన హైకమిషన్ ఆఫీసు దగ్గర జట్టు ఫొటోలో అనుష్క ముందు వరుసలో నిలబడింది, వైస్ కెప్టెన్ రహానే వెనక వరుసలో ఉన్నాడు. మళ్ళీ ఆమెదే తప్పయింది. ఆ రోజు ఆమె నిండుగా, పద్ధతైన భారతీయ దుస్తుల్లోనే ఉంది.

శిల్పా శెట్టిది మరీ అన్యాయం. 2007 ఏప్రిల్‌లో ఢిల్లీలో ఎయిడ్స్ అవగాహన సభలో హాలీవుడ్ నటుడు రిచర్డ్ గేర్ ఆమెను పట్టుకుని ముద్దు పెట్టాడు. చేసింది అతను. జైపూర్ కోర్టు వారెంట్లు ఇచ్చింది. అతను తన దేశం వెళ్ళిపోయాడు. ఆమె మీద కేసు పదిహేనేళ్ళు నడిచింది. 2022 జనవరిలో ముంబై మేజిస్ట్రేట్ కోర్టు ఆమెను కేసు నుంచి తప్పిస్తూ ఆమె బాధితురాలిగానే కనపడుతోందని చెప్పింది. బాధితురాలని తేలడానికి పదిహేనేళ్ళు!

మన తెలుగు జంట విషయంలోనూ ఇదే. 2021 అక్టోబరులో సమంత, నాగచైతన్య విడిపోతున్నామని ఇద్దరూ కలిసి ఒకే ప్రకటన ఇచ్చారు. ఆ వారంలోనే ఆమె మీద వచ్చిన పుకార్లకు ఆమె మరో ప్రకటన ఇచ్చుకోవాల్సి వచ్చింది. తర్వాత కొన్ని యూట్యూబ్ ఛానెళ్ళ మీద కూకట్‌పల్లి కోర్టుకు వెళ్ళింది. కోర్టు ఆ వీడియోలు తీసేయమంది.

విమర్శే వద్దని నేను అనడం లేదు. 2022 జూన్‌లో నయనతార, విఘ్నేశ్ శివన్ పెళ్ళయిన మర్నాడే తిరుమల వచ్చారు. మాడ వీధుల్లో చెప్పులతో నడిచారు, ఫొటోలు దిగారు. అక్కడ చెప్పులు వేసుకోకూడదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. టీటీడీ అభ్యంతరం చెప్పింది, విఘ్నేశ్ క్షమాపణ చెబుతూ లేఖ రాశాడు. అక్కడితో అయిపోయింది. ఆ విమర్శకు ఒక నియమం ఉంది, ఒక చోటు ఉంది, ఇద్దరికీ వర్తించింది. 2023 జూన్‌లో తిరుమల గుడి బయట దర్శకుడు ఓం రౌత్ వీడ్కోలు చెబుతూ కృతి సనన్ బుగ్గ మీద ముద్దు పెట్టినప్పుడూ అంతే. అక్కడ చోటు గొడవ ఉంది, నాకూ బాధనిపించింది. ఇదే లెక్క అబుదాబీకి వేస్తే, దీపిక అక్కడి నియమం పాటించింది. తిరుమలలో మనం ఎవరినైనా ఏం అడుగుతామో, ఆమె అక్కడ అదే చేసింది. మరి ఆమెను తప్పుపట్టడానికి మనకేం మిగిలింది?

ఇక నలుగురిలో మొగుడూ పెళ్ళాలు ముద్దు పెట్టుకుంటే తప్పా అన్న సంగతి చట్టం కూడా ఎప్పుడో చెప్పింది. అశ్లీల చేష్టల మీద పాత ఐపీసీలో 294వ సెక్షను ఉండేది, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో అది 296 అయింది. బహిరంగ ప్రదేశంలో అశ్లీలంగా ప్రవర్తించాలి, దానివల్ల ఇతరులకు ఇబ్బంది కలగాలి, అప్పుడే నేరం. పెళ్ళయిన జంట ప్రేమగా ముద్దు పెట్టుకోవడం అశ్లీలం కిందికి రాదని ఢిల్లీ హైకోర్టు 2009లోనే అంది. అదీ మన దేశంలో, మన రోడ్డు మీద.

ఏ చోటికి తగ్గ బట్ట ఆ చోటికి అన్న మాట మన ఉమ్మడి కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఎవరికీ కొత్త కాదనే నా నమ్మకం. పటమటలోగానీ బ్రాడీపేటలోగానీ అమెరికాలో పిల్లలు లేని వీధి దాదాపు లేదు. కూతురికి పురుడు పోయడానికి వెళ్ళిన అమ్మలు ఆరు నెలలు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి వస్తారు. చలికి ప్యాంటు, పైన స్వెట్టరు, కాలికి బూట్లు. చీర మీద బూట్లు వేసుకుని వాకింగ్‌కి వెళ్ళేవాళ్ళను అక్కడ ఎవరూ వింతగా చూడరు. మన ఆడవాళ్ళు ఏ దేశంలో ఎలా ఉండాలో అలా ఉండి వస్తున్నారు, ఎవరూ చెప్పకుండానే.

మా పెద్దమ్మ కిందటేడు అలాగే వెళ్ళొచ్చింది. మొన్న ఆదివారం విజయవాడలో వాళ్ళింటికి వెళితే ఫోన్ నా చేతికిచ్చి, "వీటిల్లో మంచివి ఏరి చుట్టాల గ్రూపులో పెట్టవే" అంది. ఫ్లోరిడా సముద్రం ఒడ్డున ఇద్దరూ ఉన్నారు. పెదనాన్న పొట్టి నిక్కరులో, బనీనులో. పెద్దమ్మ ప్యాంటు, మనవరాలిచ్చిన టీషర్టు, గాలికి ఎగిరిన జుట్టు, నోరారా నవ్వు. ఆమె అంత హాయిగా నవ్విన ఫొటో నేను ఇంతకుముందు చూడలేదు. అది పెట్టబోతే పెద్దమ్మ గబగబా నా చెయ్యి పట్టుకుంది.

"అది కాదే, అది వద్దు. మీ పెదనాన్న ఒక్కరే ఉన్నది ఉంది చూడు, నిక్కరేసుకుని, అది పెట్టు."

పెట్టాను. రాత్రికి దానికింద పద్నాలుగు దండాలు, ఆరు చప్పట్లు వచ్చాయి. ఒక బాబాయి, "అన్నయ్య కుర్రాడైపోయాడు" అని రాశాడు.