పిట్ట కన్నా ముందు నీళ్లను చూడండి

పిల్లలూ,

సంక్రాంతి సెలవుల్లో వచ్చే ఆదివారం మనమందరం పిట్టలను చూడటానికి పాకాల చెరువుకు పోతున్నాం కదా. మీలో కొందరు అప్పుడే ఫోన్లలో పక్షుల బొమ్మలు దింపుకుని, అక్కడ ఏది ఏదో గుర్తుపట్టకపోతే ఎట్లా అని టెన్షన్ పడుతున్నారట. మీ అమ్మలు చెప్పారు. అందుకే ఈ ఉత్తరం. పేర్లకు తొందర లేదు. నేను నీటిపారుదల శాఖలో పనిచేసినవాణ్ణి, ఏ చెరువు కట్ట ఎక్కినా నా కళ్లు ముందు నీళ్ల మీదికే పోతాయి. పిట్టలను తెలుసుకోవడానికి కూడా అదే సులువైన దారి అని నా నమ్మకం.

నర్సంపేట మీదుగా వెళ్తే పాకాల మన వరంగల్ నుంచి దాదాపు యాభై కిలోమీటర్లు ఉంటుంది. కాకతీయ గణపతిదేవుడి కాలంలో, 13వ శతాబ్దంలో, గుట్టల నడుమ వాగుకు అడ్డంగా కట్ట పోసి చేసిన చెరువది. నిండితే దాదాపు 30 చదరపు కిలోమీటర్లు పరుచుకుంటుంది. చుట్టూ ఉన్న అడవిని 1952లో అభయారణ్యం చేశారు. అయితే ఆ కట్ట పోసింది పిట్టల కోసం కాదు, వరి కోసం. పిట్టలకు కలిసొచ్చింది కూడా ఆ వరే.

వానాకాలంలో చెరువు నిండి మత్తడి దుంకితే మనకు సంబురం. ఒడ్డున నడుస్తూ తిని బతికే పిట్టకు మాత్రం అప్పుడు కాలు పెట్టే చోటుండదు. నీళ్లు నేరుగా గడ్డినీ చెట్లనూ తాకుతుంటాయి. యాసంగికి తూము తెరిచారంటే కథ మారుతుంది. నీళ్లు రోజూ కొంచెం కొంచెం వెనక్కి జరుగుతాయి, శిఖంలో, అంటే చెరువు లోపలి నేలలో, మెత్తటి బురద బయటపడుతుంది, ఆ బురద నిండా పురుగులూ నత్తలూ గింజలూ. ఇక్కడ ఇట్లా వడ్డన మొదలయ్యే నెలల్లోనే సైబీరియాలో, మధ్య ఆసియాలో చెరువులు గడ్డకడతాయి. చలికి తట్టుకోలేక పిట్టలు వస్తాయని మనం అనుకుంటాం. ఈకలున్న బాతుకు చలి పెద్ద కష్టం కాదు. తిండి మంచు కింద చిక్కుకుపోతుంది, అదే కష్టం. మరి ఇక్కడే ఉండిపోవచ్చు కదా అని అడుగుతారేమో. ఎండాకాలంలో అక్కడ పగలు చాలా పొడవు, పురుగులు విపరీతం, పిల్లలను మేపుకోవడానికి అంతకన్నా మంచి చోటు దొరకదు. అందుకే తిరిగి పోతాయి.

ఇక కట్ట మీద నిలబడ్డాక ఏం చేయాలంటే, చెరువును ఒడ్డు నుంచి నడిమికి లోతును బట్టి చూడండి. తడి బురద మీద గబగబా నడుస్తూ పొడిచేవి ఉల్లంకి పిట్టలు. వాటి కాళ్లు పొట్టి, చీలమండ లోతు దాటి పోలేవు. వాటికి కొంచెం లోపల, సన్నటి పొడవాటి ఎర్ర కాళ్ల మీద నలుపూ తెలుపూ పిట్టలు నిలబడి ఉంటాయి. ఒకే బురద, ఒకే పురుగులు, అయినా కొట్లాట తక్కువ. ఎవరి కాలు ఎంత పొడవో, ఎవరి ముక్కు ఎంత లోతు దిగుతుందో దాన్ని బట్టి ఎవరి జాగా వాళ్లది. మోకాలి లోతులో కొంగలుంటాయి. అక్కడ నత్తగుల్ల కొంగ దగ్గర కాసేపు ఆగండి, నాకు అది ప్రత్యేకంగా ఇష్టం. ముక్కు మూసినా మధ్యలో సందు కనబడుతుంది. అడకత్తెరలో వక్క నలిపినట్టు ఆ సందులో నత్తను నలుపుతుందని చాలామంది చెప్తారు. అది నిజం కాదు. ముక్కు కొనను గుల్లలోకి పోనిచ్చి, లోపలి కండను కోసి బయటకు లాగుతుంది. పిల్ల కొంగకు ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ వస్తుంది. గుంపులో సందు లేని ముక్కు కనబడితే అది పిల్లదన్నమాట.

తామరాకుల మీద నడిచే జకానాను చూస్తే దాని వేళ్లు చూడండి. ఒళ్లుతో పోలిస్తే అవి ఎంత పొడవో! బరువంతా ఆకు మీద పరుచుకుంటుంది కాబట్టి మునగదు. పుస్తకంలో బొమ్మకు నెమలికున్నట్టు పొడవు తోక ఉంటుంది, దాని కోసం వెతకొద్దు. ఆ తోక వానాకాలంలో గుడ్లు పెట్టే రోజులకే, చలికాలంలో ఊడిపోతుంది. ఇంకో సంగతి, వీటిలో గుడ్లు పొదిగేదీ పిల్లలను సాకేదీ మగ పక్షే. మీ నాయనలకు కూడా ఈ మాట చదివి వినిపించండి.

నడి చెరువులో బాతులుంటాయి. తల నీళ్లలో, తోక పైకి పెట్టి తలకిందులయ్యేవి కొన్ని. సూదితోక బాతు ఆ రకం. తన మెడ అందినంత లోతులోనే దాని తిండి. మొత్తంగా మునిగిపోయి ఎక్కడో తేలేవి ఇంకో రకం. వాటి కాళ్లు ఒంటికి బాగా వెనక ఉంటాయి, ఈదడానికి మేలు, నడవడానికి చేటు. ఎగిరేటప్పుడు తేడా బాగా తెలుస్తుంది. మొదటివి నీళ్ల మీది నుంచి నిలువుగా లేస్తాయి, రెండోవి నీళ్ల మీద పరుగెత్తి పరుగెత్తి లేస్తాయి. నుదుట తెల్లటి నామం పెట్టుకున్న నల్లటి పక్షి కూడా అట్లాగే పరుగెత్తుతుంది, కానీ అది బాతు కాదు. నీటికాకి రాయి మీదో మోడు మీదో రెక్కలు చాపి నిలబడుతుంది. దాని ఈకలు బాతు ఈకల్లా నీటిని పూర్తిగా ఆపవు, తడిసిన ఈకలతో మునగడం తేలిక. తర్వాత ఆరబెట్టుకోక తప్పదు.

తల మీద రెండు నల్ల చారలున్న బాతు కనబడితే మన అదృష్టం. నేను మాటివ్వను. మంగోలియా, టిబెట్ వైపు నుంచి హిమాలయాలు దాటి వస్తుంది. దాని ఒంటికి యంత్రం కట్టి చూసినప్పుడు ఏడు వేల మీటర్ల పైన కూడా ఎగిరినట్టు తేలింది. అక్కడ గాలి పలచన. దాని రక్తం మిగతా బాతుల రక్తం కన్నా గట్టిగా ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది.

ఇంత దూరం వచ్చిన పిట్టను మనం చప్పట్లు కొట్టి లేపితే ఏమవుతుందో ఆలోచించండి. తిరుగు ప్రయాణానికి అది ఇప్పటి నుంచే కొవ్వు దాచుకుంటోంది. ఊరికే లేచిన ప్రతిసారీ అందులో కొంత ఖర్చు. ఫోటో కోసం దగ్గరికి పోవద్దు, ఫోన్లో కూత పెట్టి పిలవొద్దు. నీళ్ల అంచుకు అసలే దిగొద్దు, పాకాలలో మొసళ్లున్నాయి, ఈ ఒక్క విషయంలో నేను గట్టిగా అరుస్తాను. పండుగ సకినాలు తెచ్చుకోండి గానీ బస్సులోనే నమిలేయండి. కట్ట మీద పది మంది సకినాలు కొరికితే ఇక పిట్టల సంగతి మరిచిపోవచ్చు. పతంగుల దారం కూడా ఎవరూ తేవద్దు. నైలాన్ మాంజాను 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ నిషేధించింది, అయినా ఎక్కడ చూసినా కొమ్మలకు వేలాడుతూనే ఉంది, రెక్కలు కోస్తూనే ఉంది.

గుంపుగా పోతున్నాం కాబట్టి ఒక పని చేద్దాం. జనవరిలో ఆసియా అంతటా నీటి పక్షుల లెక్క తీస్తారు, మన దేశంలో 1987 నుంచి నడుస్తోంది. మనమూ లెక్క పెడదాం. వందల బాతులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టలేం. ముందు పది లెక్కపెట్టి, ఆ పది ఎంత జాగా ఆక్రమించాయో కంటితో పట్టుకుని, అట్లాంటి జాగాలు ఎన్ని ఉన్నాయో చూడాలి. ఇద్దరు వేరువేరుగా లెక్కపెట్టి తర్వాత పోల్చుకోండి, ఒకరి సంఖ్య మరొకరికి ముందే చెప్పొద్దు. ఒకరు తేదీ, సమయం, నీళ్లు ఎంత ఉన్నాయో రాయాలి. పక్షి శాస్త్రవేత్త సాలిం అలీ 1931, 32లో అప్పటి హైదరాబాద్ రాజ్యంలో పక్షుల సర్వే చేశారు, మన వరంగల్ కూడా అప్పుడు ఆ రాజ్యంలోదే. ఆయన రాసిపెట్టారు కాబట్టే ఇప్పటివాళ్లు పోల్చి చూడగలుగుతున్నారు.

బైనాక్యులర్ మీద 8×42 అని ఉంటే, ఎనిమిది రెట్లు పెద్దగా చూపిస్తుందనీ, ముందు అద్దం 42 మిల్లీమీటర్లనీ అర్థం. అద్దం పెద్దదైతే తెల్లవారుజామున వెలుతురు బాగా వస్తుంది. పన్నెండు రెట్లది కొనాలని ఎవరూ మారాం చేయొద్దు, చెయ్యి వణికితే అదీ పన్నెండు రెట్లు వణుకుతుంది. ముందు మామూలు కళ్లతో పిట్టను పట్టుకోండి, చూపు తిప్పకుండా బైనాక్యులర్‌ను కళ్లకు తెచ్చుకోండి. పొద్దు మన వీపు వైపు ఉండాలి, ఎదురుగా ఉంటే అన్నీ నల్లటి పిట్టలే.

బస్సు హనుమకొండలో తెల్లవారుజామున నాలుగున్నరకు కదులుతుంది. చెవులకు మఫ్లర్ కట్టుకోండి, ఎర్రవీ తెల్లవీ కాకుండా మాసినట్టుండే బట్టలు వేసుకోండి. నా దగ్గర రెండు బైనాక్యులర్లున్నాయి, వరుసగా పంచుకుందాం. బస్సు పడనివాళ్లు ముందు సీట్లలో కూర్చోండి.

మీ తాత