కొండ ఎక్కేవాళ్ళ అపోహలు, వాస్తవాలు: బ్యాగు సర్దేముందు తేదీలు చూసుకోండి

కొండలెక్కించడం నా పని కాబట్టి నన్ను అడిగే ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఏ బూట్లు కొనాలి, ఏ జాకెట్ మంచిది అనేవే. ఎన్నో రోజు ఎంత ఎత్తులో పడుకుంటాం అని అడిగేవాళ్ళు మాత్రం చాలా తక్కువ. ముందు అడగాల్సింది అదే.

అపోహ: నేను ఫిట్‌గా ఉన్నాను, ఎత్తు నన్నేం చేయదు

ఇంతకన్నా ప్రమాదమైన మాట ఇంకోటి లేదు. గాలిలో ఆక్సిజన్ శాతం కింద ఎంతో పైనా అంతే, దాదాపు 21 శాతం. తగ్గేది గాలి ఒత్తిడి. 5,500 మీటర్ల దగ్గర అది సముద్రమట్టంతో పోలిస్తే సుమారు సగమే ఉంటుంది, అంటే ఒక్కో శ్వాసకు లోపలికి వెళ్ళే ఆక్సిజన్ కూడా సగమే. దీనికి ఒళ్ళు అలవాటు పడటానికి రోజులు పడుతుంది, మీరు ఎన్ని కిలోమీటర్లు పరిగెత్తగలరన్నది దానికి పట్టదు. ఫిట్‌గా ఉన్నవాళ్ళతో ఇంకో చిక్కు కూడా ఉంది, కాళ్ళలో బలం ఉంది కదా అని తొందరగా పైకి వెళ్ళిపోతారు, రాత్రికి తలనొప్పి, వాంతులు.

2,500 మీటర్లు దాటితే ఈ ఎత్తు జబ్బు ఎవరికైనా రావచ్చు. మేం పాటించే లెక్క ఇది: 3,000 దాటాక, పడుకునే ఎత్తు ముందు రాత్రి కంటే 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకోసారి అదే చోట ఇంకో రాత్రి ఉండాలి. పగలు ఇంకాస్త పైకి వెళ్ళి దిగొచ్చినా పర్లేదు, లెక్కలోకి వచ్చేది రాత్రి ఎక్కడున్నాం అన్నదే. సెలవు దొరకలేదు, ఆ రెస్ట్ డే తీసేద్దాం అనేవాళ్ళతోనే నాకు అసలు టెన్షన్.

అపోహ: డయామాక్స్ (ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే మాత్ర) జబ్బు లక్షణాల్ని కప్పేస్తుంది

కప్పేయదు. అది మూత్రపిండాల ద్వారా బైకార్బొనేట్‌ను బయటికి పంపించి శ్వాస పెరిగేలా చేస్తుంది, అంటే ఒళ్ళు అలవాటు పడే పనినే కాస్త తొందరగా జరిపిస్తుంది. వేళ్ళు తిమ్మిరెక్కడం, మాటిమాటికీ మూత్రం రావడం మామూలే. డాక్టర్‌ని అడక్కుండా మొదలుపెట్టొద్దు, సల్ఫా మందులు పడనివాళ్ళు ఆ సంగతి తప్పకుండా చెప్పండి. అలాగని ఆ మాత్ర వేసుకున్నాం కాబట్టి ఎంత తొందరగా ఎక్కినా ఫర్వాలేదనుకోవడం మరీ తప్పు. గీత మీద నడవమంటే తూలుతున్నా, మాట తికమకపడుతున్నా, ఊరికే కూర్చున్నా ఆయాసం వస్తున్నా ఆ మనిషిని వెంటనే కిందికి దించాలి, తెల్లారాక చూద్దాం అనుకోకూడదు.

అపోహ: స్లీపింగ్ బ్యాగ్ మీద మైనస్ 10 అని ఉంటే మైనస్ 10లో హాయిగా నిద్రపోవచ్చు

ఆ అంకె దేనిదో చూశారా? స్లీపింగ్ బ్యాగుల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 23537 ప్రకారం పరీక్షించిన బ్యాగుకి కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్ అని వేరువేరు అంకెలుంటాయి. పేరులో పెద్దగా కనిపించేది చాలాసార్లు లిమిట్, మీరు చూడాల్సింది కంఫర్ట్. ఎక్స్‌ట్రీమ్ అంటే ప్రాణం నిలబెట్టుకోవడానికి సంబంధించిన అంకె, నిద్రతో దానికి పనిలేదు. ఎవరూ పట్టించుకోనిది ఇంకోటి: కింద పరిచే మ్యాట్. ఎంత ఖరీదైన ఈకల బ్యాగైనా మీ బరువుకి వీపు కింద అణిగిపోతుంది, అక్కడ ఇక వేడి నిలవదు, చలి నేల నుంచే వస్తుంది. మ్యాట్ మీద ఆర్ వాల్యూ చూడండి, వేడి నేలలోకి పోకుండా అది ఎంత ఆపుతుందో చెప్పే అంకె అది. ఒకదాని మీద ఒకటి రెండు మ్యాట్లు వేస్తే ఆ విలువలు కలుస్తాయి, మంచు మీద పడుకునేటప్పుడు నేను అలాగే చేస్తాను.

రెండు జతల సాక్సులు వేస్తే వెచ్చగా ఉంటుందనేది ఇంకోటి. బూటు బిగుసుకుంటే రక్తం సరిగా ఆడదు, వేళ్ళు ఇంకా చల్లబడతాయి. లోపల వేళ్ళు కదులుతున్నాయో లేదో చూసుకోండి, చాలు.

ఇక తాడు, హార్నెస్ (తాడుకి కట్టుకోవడానికి నడుముకి, తొడలకి వేసుకునే పట్టీలు). "అన్నా, ఒక్కసారి కూడా వాడలేదు, కొత్తదే" అని పాతది తెస్తారు. వీటిలో ఉండే నైలాన్ వాడకపోయినా పాతబడుతుంది, చాలా కంపెనీలు తయారైన తేదీ నుంచి 10 ఏళ్ళకు మించి వాడొద్దనే చెప్తాయి. బ్యాటరీ యాసిడ్ తగిలితే పైకి ఏమీ కనిపించకుండానే బలం పోతుంది. ఎక్కడ దాచారో తెలియని తాడుని నేను తాకను.

అపోహ: శిఖరం చేరితే పని అయిపోయినట్టే

సగమే అయింది, పైగా అలసిపోయిన సగం ఇంకా మిగిలే ఉంది. టైము లెక్కకి 1892 నాటి నైస్మిత్ సూత్రం ఇప్పటికీ వాడతారు: 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. కానీ అందులో ఆగి తాగే నీళ్ళు, బరువు బ్యాగు, మంచు, పల్చటి గాలి ఏవీ లేవు, కాబట్టి దాన్ని కనీస సమయంగానే చూడండి. వెనుదిరిగే టైము కిందే, తల చల్లగా ఉన్నప్పుడే నిర్ణయించుకోవాలి. 1996 మే 10న ఎవరెస్ట్ మీద మధ్యాహ్నం 2 దాటాక కూడా కొందరు పైకే వెళ్తున్నారు, తర్వాత తుఫాను విరుచుకుపడింది, ఆ రెండు రోజుల్లో 8 మంది పోయారు, వాళ్ళలో ఎంతో అనుభవమున్న గైడ్లూ ఉన్నారు.

వెనుదిరిగే టైము, దిగే దారి, ఎన్నింటిదాకా కబురు లేకపోతే ఎవరికి ఫోన్ చేయాలి అన్నది రాసి కింద ఉండే ఒకరికి ఇవ్వండి. సిగ్నల్ లేకపోయినా ఫోన్‌లో జీపీఎస్ పనిచేస్తుంది, అయితే మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసి ఉండాలి. చలికి బ్యాటరీ ఉన్నట్టుండి పడిపోతుంది కాబట్టి ఫోన్‌ని జాకెట్ లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోండి, కాగితం మ్యాప్ కూడా ఒకటి ఉంచుకోండి.